పాట గొంతు నులమడం ఎలా?

ఇంట్లోనే స్టూడియో పెట్టేశారు. కంప్యూటరు, ఆడియో ఇంటర్‌ఫేసు, మైకు, గోడల నిండా నల్ల స్పాంజి ముక్కలు. తొలి బేరం కూడా తగిలింది: యూట్యూబు చానల్ కోసం ఒక జానపదం. ఒక గాయని, రెండు డప్పులు, కోరస్‌కు ముగ్గురు. రికార్డింగు అయిపోయింది, ఇక మిక్సింగే మిగిలింది. గట్టి శబ్దాన్ని నొక్కే కంప్రెసర్, శబ్దంలోని ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే ఈక్వలైజర్ అనే రెండు ప్లగిన్‌లను పద్ధతిగా వాడితే పాట బాగానే వస్తుంది గానీ, మీరు ఏదో చేశారని ఎవరికీ తెలియదు. డబ్బులిచ్చే పార్టీకి పని కనబడాలి, వినబడాలి. కింది సూచనలన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

ముందుగా, పాట వినొద్దు. వింటే ఈ గొంతుకు అసలు కంప్రెసర్ అవసరమా అన్న పాడు అనుమానం పుట్టొచ్చు. నేరుగా ప్రీసెట్ల జాబితా తెరిచి ‘లీడ్ వోకల్, ఫీమేల్, పాప్’ అన్నది నొక్కండి. దాన్ని తయారు చేసిన పెద్దమనిషి మీ గాయనిని ఎరగడు, మీరు మైకు గెయిన్ ఎంత పెట్టారో ఎరగడు. అయినా థ్రెషోల్డ్ మైనస్ 24 అని రాసిపెట్టాడు. మీ రికార్డింగు మెల్లగా ఎక్కి ఉంటే కంప్రెసర్ నిద్రే లేవదు. గట్టిగా ఎక్కి ఉంటే పల్లవి మొదటి అక్షరం నుంచి ఆఖరి చరణం దాకా నొక్కుతూనే ఉంటుంది. ఎలా జరిగినా నింద ప్రీసెట్‌దే, మీది కాదు.

తర్వాత రేషియో. 4:1 పెడితే, థ్రెషోల్డ్ గీత దాటి 8 డెసిబెళ్లు పైకెళ్లిన స్వరం 2 డెసిబెళ్లే దాటినట్టు బయటికొస్తుంది. ఆ రెండు మాత్రం దేనికి? 20:1 పెట్టేయండి. గాయని గుండెలు చరుచుకుని ఎత్తుకున్న చోటా, గొంతు తగ్గించి బతిమాలుకున్న చోటా ఒకటే ఎత్తులో వినిపించి, పాట కాస్తా రైల్వే స్టేషన్ ప్రకటనలా సాగుతుంది. ఇంతగా నొక్కితే శబ్దం తగ్గుతుంది కదా, మేకప్ గెయిన్‌తో 12 డెసిబెళ్లు లేపండి. ఇప్పుడు ఆమె ఊపిరి తీసుకునే సందుల్లో మీ సీలింగు ఫ్యాను, పక్కింటి కుక్కరు విజిలు, కరెంటు లైను తాలూకు 50 హెర్ట్జ్ హమ్ము, దాని సంతానం 100, 150 అన్నీ పైకొస్తాయి. కోరస్‌కు మనుషులు చాల్లేదని బాధపడ్డారుగా!

పార్టీకి వినిపించే ముందు చిన్న కిటుకు. ప్లగిన్‌ను బైపాస్ చేసి, మళ్లీ వేసి తేడా చూపిస్తారు చూడండి, అప్పుడు రెంటి ఎత్తూ సమానంగా ఉంచొద్దు. ఒకే పాటను రెండు డెసిబెళ్లు పెంచి వినిపిస్తే చాలు, అదే బాగుందని ఎవరి చెవైనా సాక్ష్యం చెబుతుంది. ‘ఇగో తమ్మీ, ఇప్పుడు లేసింది పాట!’ అని చానలాయన తొడ చరుస్తాడు. లేచింది శబ్దమేనని ఆ సమయంలో చెప్పడం మర్యాద కాదు.

డప్పు దగ్గర తొందరపడొద్దు. పాడు చెయ్యడానికి ఇంత మంచి వాయిద్యం మళ్లీ దొరకదు. కళాకారుడు దాన్ని మంట మీద కాచి, తోలు బిగిసి ఖంగుమనే దాకా తిప్పి తిప్పి చూసుకుని మైకు ముందుకు వచ్చాడు. ఒక చేతిలో సిర్ర, రెండో చేతిలో చిటికెన పుల్ల. సిర్ర తోలుకు తగిలిన మొదటి కొద్ది మిల్లీసెకన్లలోనే ఆ దెబ్బకున్న పదునంతా ఉంటుంది. అటాక్ 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే ఆ పదును బయటపడ్డాకే నొక్కుడు మొదలవుతుంది. అందుకని సగం మిల్లీసెకనుకు దించండి. దెబ్బ పోతుంది, దాని వెనకున్న గుమ్‌మనే మూలుగు మాత్రం మిగులుతుంది. రిలీజ్ సంగతి మరవొద్దు. దాన్ని బాగా సాగదీస్తే, కంప్రెసర్ మొదటి దెబ్బ దగ్గర వంచిన తల ఎత్తేలోపే రెండోది వచ్చి పడుతుంది. ఈ మధ్యలో చిటికెన పుల్ల పలికే సన్నటి పలుకులన్నీ అడుగున పడిపోతాయి. స్క్రీన్ మీద సూది మాత్రం ఒకసారి కిందికి దిగి, పాట అయ్యేదాకా అక్కడే వణుకుతూ ఉంటుంది. చూడ్డానికి ఎంతో పని జరుగుతున్నట్టుంటుంది. డప్పాయన ‘నా దరువేదే?’ అంటే ‘మైకు అట్లనే పట్టిందే అన్నా’ అనండి. ఆయన మళ్లీ మంట వెయ్యడు.

అసలైన గౌరవం పాత యంత్రాల నకళ్లతో వస్తుంది. 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176 కంప్రెసర్‌కు నకలు అమ్మని ప్లగిన్ కంపెనీ అరుదు. దాని అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది. నాబ్‌ను కుడివైపు తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. చాలా కంప్రెసర్లకు ఇది తలకిందులు. కాబట్టి మాన్యువల్ చదవకుండా, నెమ్మదిగా పట్టాలనే సదుద్దేశంతో పూర్తిగా కుడికి తిప్పితే కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. 4, 8, 12, 20 అని నాలుగు రేషియో బటన్లుంటాయి, అన్నీ ఒకేసారి నొక్కొచ్చు. రాక్ బ్యాండు డ్రమ్ముల గదిలో దూరంగా పెట్టిన మైకుకు ఆ రభస బాగా నప్పింది. మీరు లాలిపాటకు వాడండి. 1960ల నాటి ఎల్‌ఏ-2ఏ జోలికి మాత్రం పోవద్దు. గొంతును మెత్తగా పట్టుకుంటుంది నిజమే గానీ, తిప్పడానికి దాని మీదున్నవి ప్రధానంగా రెండు నాబ్‌లే. పార్టీ చూశాడంటే రేటు తగ్గించమంటాడు.

ఇక ఈక్వలైజర్. గొంతు ట్రాకును సోలో చేసి, మిగతావన్నీ ఆపేయండి. సన్నటి బ్యాండు ఒకటి తీసుకుని 12 డెసిబెళ్లు పెంచి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరపండి. ఎక్కడ చెవికి ఇబ్బందిగా ఉంటే అక్కడ కోయాలని శాస్త్రం. అంత పెంచితే ఇబ్బంది కలగని చోటంటూ ఉండదు, అది వేరే విషయం. దొరికిన ప్రతి చోటా కోసుకుంటూ పోతే స్క్రీన్ మీద గీత రంపం పళ్లు తేలుతుంది. 200, 400 హెర్ట్జ్ మధ్య ‘బురద’ ఉంటుందని ఎవరో అనే ఉంటారు, అక్కడ లోతుగా తవ్వండి. గొంతులోని నిండుతనమూ ఆ ప్రాంతంలోనే కాపురముంటుంది, బురదతోపాటే పోతుంది. తర్వాత ‘గాలి’ కావాలంటూ పైన 10 కిలోహెర్ట్జ్ దాపున ఎత్తండి, కింద 6 దాకా వాలు వచ్చేలా. తెలంగాణ జానపదంలో సూడు, సెప్పు, సెరువు అంటూ ‘స’లకు కొదవుండదు. ఒక్కోటీ చెవిలో సూదిలా దిగుతుంది. దానికి డీఎస్సర్ అనే మూడో ప్లగిన్ ఉంది. అది గట్టిగా పట్టాక గాయని ‘థూడు’ అంటుంది. వైద్యం వల్ల వచ్చిన రోగానికి మరో వైద్యం, రెండింటికీ బిల్లు వెయ్యొచ్చు.

ఇదంతా స్పీకర్లు పూర్తి వాల్యూమ్‌లో పెట్టుకునే చెయ్యాలి. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మరీ తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా పెట్టుకుంటే బేస్ దండిగా ఉన్నట్టే తోస్తుంది, పెంచాల్సిన పని ఉండదు. మెల్లగా పెట్టుకుని వినేవాళ్లు వాళ్ల కర్మ.

చివర్న లిమిటర్ పెట్టి, వేవ్‌ఫామ్ ఇటుకలా తయారయ్యేదాకా నెట్టండి. 2008లో మెటాలికా వాళ్ల ‘డెత్ మాగ్నెటిక్’ను ఇలాగే నెట్టేస్తే, సీడీ కంటే ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో ఉన్న అవే పాటలు నయమని అభిమానులే గొడవపెట్టారు. అంత పేరు మనకెప్పుడొస్తుంది! పాట మొత్తం ఎత్తును ఎల్‌యూఎఫ్ఎస్‌లలో కొలుస్తారు, మీరు మైనస్ 8 ఎల్‌యూఎఫ్ఎస్ దాకా లేపుతారు. యూట్యూబు సుమారు మైనస్ 14 దగ్గర గీత గీసుకుని కూర్చుంటుంది. దానికంటే గట్టిగా ఉన్నదాన్ని దించేస్తుంది. ఆరు డెసిబెళ్లు ఇట్టే పోతాయి. పోయిన డప్పు దెబ్బ మాత్రం తిరిగి రాదు.

పాట హిట్టయితే పెళ్లి బారాత్‌లో డీజే బండి మీద మోగుతుంది. అక్కడ ఆ డీజేకీ ఒక ఈక్వలైజర్ ఉంటుంది. బేస్ ఆ చివరికి, ట్రెబుల్ ఈ చివరికి ఎత్తేసి, ఎర్ర లైటు ఆరకుండా వెలిగేలా పెడతాడు. మీరు తెల్లార్లూ కూర్చుని తిప్పినవన్నీ అతను రెండు వేళ్లతో తిప్పేస్తాడు, జనం ఊగిపోతారు. సిగ్గుపడకుండా అతని ఫోన్ నంబరు తీసుకోండి. తర్వాతి పాట మిక్సింగు సగం రేటుకు అతనికే అప్పజెప్పొచ్చు.