బండి ఎవలది?

మా వదినె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కబోతూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "తమ్మీ, బండి ఎవలది?"

మా చంద్లాపూర్‌లో ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. సిద్దిపేట దవాఖానకు ఆటో మాట్లాడినా, కొమురవెల్లి జాతరకు ట్రాక్టర్ కట్టినా ముందు అడిగేది ఇదే. డ్రైవర్ ఎవరైనా కావచ్చు. నడిదారిలో టైరు పేలితే రేపు పొద్దున ఎవరి వాకిట్లో పోయి నిలబడాలో తెలియాలి కదా!

వదినె కూతురి కాన్పుకు డల్లాస్ పోతోంది. అన్న వరికోతలు అయినంక వస్తనన్నాడు. రంగనాయకసాగర్ నిండినప్పటి నుంచి ఆయనకు యాసంగిలో ఊపిరాడదు. టికెట్ సిద్దిపేటలో ఒక ట్రావెల్స్ పిలగాడు తీసిచ్చాడు. నాలుగు కాగితాలు. మొదటి కాగితం మీద ప్రపంచమంతా పేరున్న ఒక కంపెనీ బొమ్మ, దాని కింద నాలుగంకెల ఫ్లైట్ నంబర్. ఇంకా కిందికి దిగితే, చీమల బారులాంటి అక్షరాల్లో 'ఆపరేటెడ్ బై' అని వేరే కంపెనీ పేరు. ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను. ప్రయాణికుడు అడిగితే ఒకరికొకరు తెలియనట్టుండే ఆ ఇద్దరూ పరువు నష్టం దావా అనేసరికి ఒకే కారులో దిగుతారని నా భయం. అందుకని మొదటిది పేరు కంపెనీ, రెండోది రెక్కల కంపెనీ అనుకుందాం.

దీన్నే కోడ్‌షేర్ అంటారట. విమానం ఒకరిది, పైలట్లు వాళ్ళవాళ్ళే, కిరోసిన్ లాంటి ఆ నూనె కూడా వాళ్ళే పోసుకుంటారు. అందులో కొన్ని సీట్లకు ఇంకో కంపెనీ తన నంబర్ వేసి, తన ధరకు అమ్ముకుంటుంది. పట్టా–కౌలు లెక్క అని చెబితే మా అన్నకు ఒక్క ముక్కలో అర్థమైంది. "దున్నేటోడు కౌలుదారు, బ్యాంకు లోనొచ్చేది పట్టాదారుకు, గంతే కదా?" అన్నాడు. అంతే. 2018లో రైతుబంధు వచ్చింది పట్టాదారు పేరు మీదనే గదా. ఆ సంగతి ఎరిగిన ఊరికి కోడ్‌షేర్ కొత్త విద్య కాదు. అమెరికాలో మాత్రం 1967లో అలెఘెనీ అనే కంపెనీ చిన్న ఊళ్ళకు నడిచే చిట్టి విమానాలకు తన పేరు తగిలించి ఇది మొదలుపెట్టింది.

వ్యవస్థే మోసమని నేననను. ఒకే టికెట్ మీద మూడు విమానాలు మారొచ్చు. సామాను శంషాబాద్‌లో ఒకసారి వేస్తే చాలా దూరం మనం మోయనక్కర్లేదు. మా ఊరికి గోదారి నీళ్ళొచ్చేది కూడా కనెక్టింగ్ ఫ్లైట్లోనే. మిడ్‌మానేరు నుంచి అన్నపూర్ణ రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి సొరంగంలో మా చంద్లాపూర్ పంప్‌హౌస్‌కు, 134 మెగావాట్ల మోటార్లు ఎత్తిపోస్తే మూడు టీఎంసీల రంగనాయకసాగర్‌కు. నీళ్ళు రాకపోతే ఏ ఇంజనీర్‌ను అడిగినా పైవాడి వైపే వేలు చూపిస్తాడు. కాకపోతే నీళ్ళకు సూట్‌కేసు ఉండదు.

వదినెకు ఉంది. రెండు. ఒక్కోటి 23 కిలోలు. ఒకదాంట్లో బట్టలు, బాలింతకు కావలసిన కాయం సామాను. ఇంకోదాంట్లో మామిడి తొక్కు, సకినాలు, కారంపొడి. ఏది ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

రాజీవ్ రహదారి పట్టుకొని అర్ధరాత్రికి శంషాబాద్ చేరాం. బోర్డు మీద ఒకే విమానానికి మూడు నంబర్లు మారిమారి వెలుగుతున్నాయి. "గిన్ని విమానాలు ఒకటే టైముకు ఎట్ల లేస్తయి తమ్మీ, గుద్దుకోవా?" అంది వదినె. టికెట్ మీద పేరును బట్టి పేరు కంపెనీ కౌంటర్‌కు పోయాం. లైట్లున్నాయి, మనిషి లేడు. ఆ రాత్రి వాళ్ళ సొంత విమానమే లేదు మరి. రెక్కల కంపెనీ కౌంటర్‌కు పోతే అక్కడి పిల్ల పీఎన్ఆర్ కొట్టి, "ఇది మా పీఎన్ఆర్ కాదమ్మా" అంది. ఒకే ప్రయాణానికి ఇద్దరి కంప్యూటర్లలో రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లుంటాయని, మన కాగితం మీద ఒకటే అచ్చవుతుందని అప్పుడు తెలిసింది. ముందురోజు ఇంట్లో వెబ్ చెకిన్ ఎందుకు కాలేదో కూడా.

పాస్‌పోర్టు నంబర్‌తో వెతికితే పేరు దొరికింది. హమ్మయ్య అనుకునేలోపే ఆ పిల్ల ముఖం మారింది. "సీటు ఉంది. టికెట్ లేదు."

ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి నాకు ముప్పావుగంట పట్టింది. బుకింగ్ వేరు, టికెట్ వేరు. నెల కింద రెక్కల కంపెనీ విమానం వేళ కొంచెం మార్చింది. బుకింగ్‌లో ఆ మార్పు ఎక్కింది. డబ్బు తీసుకొని టికెట్ రాసినవాళ్ళు పేరు కంపెనీ కనుక, కొత్త వేళకు టికెట్‌ను తిరగరాయాల్సింది వాళ్ళే. రాయలేదు. పహాణీలో పేరుంది, పాసుబుక్కు రాలేదు. మరి ఇప్పుడు రాసేదెవరు? పేరు కంపెనీ. వాళ్ళెక్కడ? కౌంటర్‌లో లైట్లున్నాయి కదా, అక్కడ!

ఫోన్‌లో ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, పాట వినిపించారు. ట్రావెల్స్ పిలగాడి ఫోన్ స్విచాఫ్. చివరికి కౌంటర్ వెనకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎవరికో ఫోన్ చేసి, ఏవో మీటలు నొక్కి, కౌంటర్ మూసే ముందు బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టాడు. ఆయన ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కడుపు చల్లగుండాలి.

ఒకవేళ ఆ పెద్దాయన రాకపోయి ఉంటే? మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఉన్నాయి. కన్ఫర్మ్ అయిన టికెట్‌తో వేళకు వచ్చినవాణ్ణి, సీట్లు ఎక్కువ అమ్ముకున్న పాపానికి ఎక్కించుకోకపోతే, 24 గంటల్లోపు వేరే విమానం ఇచ్చినా 10,000 రూపాయల దాకా, అది దాటితే 20,000 దాకా పరిహారమివ్వాలి. గంటలోపే వేరే విమానం చూపిస్తే ఏమీ లేదు. ఇది పాటించలేదనే 2022 జూన్‌లో ఎయిరిండియాకు 10 లక్షల జరిమానా పడింది. బాగానే ఉంది. కానీ 'కన్ఫర్మ్ అయిన టికెట్' అన్న మాట దగ్గరే కోడ్‌షేర్‌వాడి బండి ఇరుక్కుంటుంది. కన్ఫర్మ్ అంటుంది ఒక కంప్యూటర్, కాదంటుంది ఇంకో కంప్యూటర్. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

విమానం రెండు గంటలు ఆలస్యంగా లేచింది. మధ్యలో మారాల్సిన ఊళ్ళో రెండో విమానం వెళ్ళిపోయింది. మా వదినె, తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషి, ఆ రాత్రంతా కుర్చీలో కూర్చొని మర్నాడు ఎక్కింది. డల్లాస్‌లో దిగితే బట్టల సూట్‌కేసు వచ్చింది. తొక్కు సూట్‌కేసు రాలేదు.

అక్కడి నుంచి అసలు కథ. పేరు కంపెనీకి మెయిల్ పెడితే, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, విమానం నడిపింది మేము కాదు కనుక వారిని సంప్రదించగలరు'. రెక్కల కంపెనీకి పెడితే, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, టికెట్ ఇచ్చింది మేము కాదు కనుక వారిని సంప్రదించగలరు'. కోడ్ పంచుకున్నవాళ్ళు చింతను కూడా సమానంగానే పంచుకున్నారు. మధ్యలో ఇద్దరూ ట్రావెల్స్ పిలగాడి మీదికి తోశారు. తిలా పాపం తలా పిడికెడు. వదినె వీడియో కాల్‌లో, "పేరు వాళ్ళదే, పైసలు వాళ్ళే తీస్కున్నరు, తీస్కపోయింది వీళ్ళే. నేను ఎవల్ని అడగాలె తమ్మీ?" అంది.

అడగాల్సింది ఎవరినైనా. ఈ సంగతి రెండు కంపెనీల మెయిళ్ళలోనూ లేదు, చట్టంలో ఉంది.

1999లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దానికోసం 1972 నాటి విమాన రవాణా చట్టాన్ని సవరించుకుంది. ఆ ఒప్పందంలో ఐదో అధ్యాయమంతా ఇలాంటి జోడీల గురించే. మాట ఇచ్చినవాడు ఒకడు, మోసినవాడు ఇంకొకడు అయితే ఏమిటన్నది అందులో ముందే రాసిపెట్టారు. మాట ఇచ్చినవాడు మొత్తం ప్రయాణానికి, మోసినవాడు తాను మోసినంత మేరకు బాధ్యులు. ప్రయాణికుడు ఒకరి మీద వేసినా, ఇద్దరి మీదా కలిపి వేసినా అది అతని ఇష్టం. 42వ అధికరణం దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒకరికి ఇచ్చిన ఫిర్యాదు, రెండోవారికి ఇచ్చినట్టే చెల్లుతుంది. 'వారిని సంప్రదించగలరు' అన్న వాక్యానికి చట్టంలో కాలు పెట్టే చోటే లేదు!

ఆలస్యంగా వచ్చిన సామానుకు, చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పగిలిందో చిరిగిందో అయితే 7 రోజులే. సామానుకు మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌ల (దేశాల మధ్య లెక్కలకు వాడే ఒక కొలమానం) వరకు అడగొచ్చు. 2024 డిసెంబర్ 28 నుంచి ఇదే లెక్క, మన రూపాయల్లో లక్షన్నర దాటుతుంది. మనిషినే ఆలస్యంగా చేరిస్తే 6,303 ఎస్‌డీఆర్‌ల వరకు. ఇవి గరిష్ఠాలే సుమా, చేతిలో పెట్టే కట్నాలు కావు. ఎంత నష్టపోయామో బిల్లులతో చూపాలి. సకినాలకు బిల్లు ఎవరిస్తారన్నది మాంట్రియల్‌లో కూర్చున్నవాళ్ళకు తట్టలేదు.

మరి ముందే చూసుకోవలసింది ఏమిటి? టికెట్ నంబర్ పదమూడు అంకెలుంటుంది. మొదటి మూడంకెలు డబ్బు ఎవరి చేతికి పోయిందో చెబుతాయి. 098 ఎయిరిండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతర్ ఎయిర్‌వేస్. ఈ మూడంకెల విలువ 2019లో తెలిసింది. జెట్ ఎయిర్‌వేస్‌లో ఎతిహాద్‌కు 24 శాతం వాటా ఉండేది, ఇద్దరూ ఒకరి విమానాలకు ఒకరు నంబర్లు తగిలించుకొని నడిచారు. ఆ ఏడాది ఏప్రిల్ 17న జెట్ ఆగిపోయింది. 607తో మొదలయ్యే టికెట్ ఉన్నవాడి డబ్బు బతికున్న ఎతిహాద్ దగ్గరుంది. 589 ఉన్నవాడు జెట్ అప్పులవాళ్ళ వరుసలో నిలబడ్డాడు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు జెట్ ఆస్తులు అమ్మేసి లెక్క తేల్చమంది. పక్కపక్క సీట్లకు డబ్బు కట్టినవాళ్ళే, మూడంకెల తేడా.

ఐరోపాలో విమానం నడిపేదెవరో బుకింగ్ అప్పుడే ప్రయాణికుడికి చెప్పి తీరాలని 2005లోనే నియమం పెట్టారు. మన టికెట్ల మీద కూడా చెబుతున్నారు. భూతద్దం ఒక్కటే ఇవ్వడం లేదు.

ఇక కోర్టు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తానుండే చోటే జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు. కొన్న సేవ విలువ 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పంపొచ్చు. అంతర్జాతీయ ప్రయాణానికి ఆ పరిధి వర్తించదని కంపెనీ వకీలు వాదించకమానడు. వాదించనీండి, ఆయనకూ పిల్లలున్నారు.

తొక్కు సూట్‌కేసు తొమ్మిదో రోజున డల్లాస్ ఇంటి ముందుకు వచ్చింది. లోపల సకినాలన్నీ తొక్కులో నానిపోయి ఉన్నాయి. అప్పటికే మనవడు పుట్టాడు. వదినె ఇంగ్లీషులో రాయించి, తెలుగులో సంతకం చేసి, ఒకే కాగితాన్ని ఇద్దరికీ పంపింది. పైన 42వ అధికరణం అని రాయించింది. ఈసారి చింతిస్తున్నామని ఎవరూ రాయలేదు. అసలు జవాబే రాలేదు.

దావా వేయడానికి గడువు రెండేళ్ళు. అందులో ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. సిద్దిపేట వకీలు కాగితాలన్నీ తిరగేసి మా వదినెను అడిగిన మొదటి మాట, "అమ్మా, బండి ఎవరిది?"