గాలి మీద 420 కేసు

ఐక్యరాజ్య సమితిలో నిలబడి ట్రంప్ గారంతటి వారు సెలవిచ్చాక కూడా కేసు కట్టకపోతే ఇక పోలీసులెందుకు, స్టేషన్లెందుకు? వాతావరణ మార్పు ప్రపంచంలో ఇంతవరకూ జరిగిన మోసాలన్నిటిలోకీ పెద్దదట. ఊళ్లో చిట్టీల వాడు పరారైతేనే ఎఫ్‌ఐఆర్ రాస్తారు కదా. రాయండి మరి.

ఏ1, స్వాంటె అరీనియస్, స్వీడన్ వాసి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని 1896లోనే చేత్తో లెక్కలు కట్టి కుట్రకు బీజం వేశాడు. 1927లో చనిపోయి విచారణ తప్పించుకున్నాడు. ఘరానా మనిషి.

ఏ2, గాలి. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలిచినప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అయ్యా, 420! తన సెక్షన్ తనే చెబుతున్న నిందితుణ్ని ఎక్కడైనా చూశారా? (కొత్త చట్టంలో అది 318 అయింది. గాలికి ఇంకా కబురందినట్టు లేదు.)

ఏ3, బంగాళాఖాతం. ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ మింగిన పాత రౌడీషీటర్. భూకబ్జా సెక్షన్లు అదనం.

ఏ4, మబ్బులు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి మోయగలదు. అంటే ఏ2 సరుకు అందిస్తుంది, ఏ4 దించుతుంది. పక్కా ముఠా. 2025 ఆగస్టులో కామారెడ్డి జిల్లాలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా దించింది. మరుసటి నెలలో మూసీని హైదరాబాద్ బస్టాండు ఎంజీబీఎస్‌లోకి తోలి, బస్సుల కోసం వచ్చినవాళ్లను అర్ధరాత్రి నీళ్లలో నిలబెట్టింది.

అప్రూవర్‌గా మారాల్సినవాళ్లూ ఉన్నారు. భూమి వేడెక్కుతోందని చమురు కంపెనీ ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తే 1977లో యాజమాన్యానికి చెప్పాడు. ఆ కంపెనీ ఏళ్ల తరబడి చేసిందేమిటయ్యా అంటే, ఆ సంగతి మీద జనానికి అనుమానాలు పెంచడం. పాపం, వాళ్ల పేరు మాత్రం ఈ ఎఫ్‌ఐఆర్‌లో లేదు.

సరే, మోసం కేసులో ఎస్సై మొదట అడిగేది ఒకటే: సొమ్ము ఎవరికి ముట్టింది? 2025 సెప్టెంబర్ 23 తెల్లారేసరికి కోల్‌కతాలో 25 సెంటీమీటర్ల వాన కురిసింది. పూజ పందిళ్లు మునిగాయి. వీధిలో నిలిచిన నీళ్లలో కాలు పెట్టి, కరెంటు కొట్టి జనం చచ్చిపోయారు. వాళ్లకేం ముట్టింది? అదే రోజు న్యూయార్క్‌లో ట్రంప్ ఇదంతా బూటకమన్నాడు. బొగ్గూ చమురూ గ్యాసూ కాల్చి మనుషులు ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతు దాకా ఆయన దేశానిదే. ఇవాళ్టికీ అక్కడ తలకు ఏటా 14 టన్నుల చిల్లర, ఇక్కడ 2 టన్నులు. ఆ పావు వంతు వల్ల కట్టిన మేడలూ కొన్న కార్లూ అన్నీ నిజమేనట, దాని పొగ ఒక్కటే అబద్ధమట. శవాలకు పోస్టుమార్టం అయిందో లేదో, ఆ పూటే దాన్ని మోసం అనడానికి నోరెలా వచ్చింది?