కథ వినిపించడానికీ ఫీజేనా?

కథ వినడానికి డబ్బు పుచ్చుకునేవాళ్ళు బయలుదేరారు. కొనడానికి ఇవ్వరు, వినడానికి తీసుకుంటారు! స్క్రిప్టు చదివి నాలుగు పేజీల రిపోర్టు ఇస్తే ఒక రేటు, గంటసేపు ఫోన్లో మాట్లాడితే ఇంకో రేటు, ‘నిర్మాతకు పరిచయం చేస్తాం’ అంటే దానికి మరో రేటు. కడుతున్నది ఎవరయ్యా అంటే, హైదరాబాదు కృష్ణానగర్లో ముగ్గురు నలుగురు కలిసి ఒక గదిలో సర్దుకుంటూ, ఇంటి దగ్గర్నుంచి వచ్చే డబ్బుతో నెల గడుపుకునే కుర్రాళ్ళు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా రోజుల్లో డబ్బు నిర్మాత దగ్గర్నుంచి రచయిత దగ్గరికి వచ్చేది. తక్కువే రావచ్చు, ఆలస్యంగానే రావచ్చు, ఒక్కోసారి ఎగ్గొట్టనూ వచ్చు. కానీ రచయిత ఎదురు కట్టడం అనే మాటే లేదు. నాటకాలు రాసుకుంటున్న డి.వి.నరసరాజు గారిని దర్శకుడు కె.వి.రెడ్డి గారు పిలిపించుకుని ‘పెద్దమనుషులు’ (1954) రాయించుకున్నారు. ముళ్ళపూడి వెంకటరమణ గారు పత్రికల్లో పనిచేసి, కథలతో పేరు తెచ్చుకున్నాక సినిమావాళ్ళే వెళ్ళి అడిగారు. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి గెలిచింది, తర్వాత అదే అన్నపూర్ణా వారి ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) అయింది. నాకు తెలిసిన ఏ పత్రిక పోటీకీ అప్పట్లో ప్రవేశ రుసుము లేదు. కాయితాలు, సిరా, తపాలా ఖర్చు, అంతే. నచ్చితే పారితోషికం మనియార్డరులో వచ్చేది, నచ్చకపోతే కథ తిరుగు టపాలో వచ్చేది.

నేను మద్రాసు త్యాగరాయనగర్లో ఒక పెద్ద రచయిత దగ్గర సీన్లు ఫెయిర్ చేసే పనిలో చేరాను. కథాచర్చలు జరిగే గదిలో ఒక మూల కూర్చుని రాసుకునేవాణ్ణి. నిర్మాత, దర్శకుడు, రచయిత ఎదురెదురుగా కూర్చునేవారు. ఈ సీను నిలబడదు అని ఎవరైనా అంటే, అన్న మనిషి సొంత డబ్బో, సొంత పేరో ఆ సీనుతో ముడిపడి ఉండేది. కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచీ పట్టుకుని స్క్రిప్టు చదివించి నిడివి చూసుకునేవారని పరిశ్రమలో అందరికీ తెలుసు. ఆయన ఎందుకంత పట్టుబట్టేవారు? రేపు ఆ సీను తీయవలసింది తానే కాబట్టి. నా స్క్రిప్టు చదివే మనిషి దానిమీద సినిమా తీయాలనుకుంటున్నాడా, లేక చదివినందుకు నా దగ్గర కూలి తీసుకుంటున్నాడా? నేను చూసేది ఈ ఒక్క తేడానే. కూలి తీసుకునేవాడికి నా స్క్రిప్టు ఎప్పటికీ పూర్తికాకపోతేనే లాభం. ‘మార్చి మళ్ళీ పంపండి’ అన్నప్పుడల్లా ఫీజు!

అప్పుడు అన్యాయాలు లేవని నేను అనను. ఘోస్టుగా రాసి, టైటిల్ కార్డులో పేరు లేక, ఊరికి తిరిగిపోయిన మంచి రచయితలు నాకు తెలుసు. పగలంతా సీన్లు రాయించుకుని రాత్రికి భోజనం చేశావా అని అడగని మహానుభావులూ తెలుసు. అది దోపిడీయే. అయినా రాసిన కుర్రవాడి జేబులో ఉన్నదాన్ని లాక్కోలేదు, పైగా ఆ గదిలో కూర్చున్నందుకు పని పట్టుబడింది. ఇప్పుడు డబ్బూ పోతోంది, పనీ రావడం లేదు.

ఈ మధ్య ఒక అబ్బాయి తన రిపోర్టు తెచ్చి చూపించాడు. మొదటి అంకం నెమ్మదిగా ఉందట, ఇరవై అయిదో పేజీలో మలుపు రావాలట, నాయకుడి లక్ష్యం స్పష్టంగా లేదట. ఎవరి స్క్రిప్టుకైనా రాయగలిగిన వాక్యాలు. ఆ పేజీల లెక్క ఎక్కడిదో తెలుసు. సిడ్ ఫీల్డ్ 1979లో ఇంగ్లీషులో రాసిన పుస్తకంలోది. పుస్తకం మంచిదే, చదవమనే చెబుతాను. కానీ మన సినిమా రెండు సగాలుగా నడుస్తుంది. విశ్రాంతి దగ్గర ప్రేక్షకుణ్ణి ఏ ప్రశ్నతో బయటికి పంపుతున్నాం, ఏ ఆశతో మళ్ళీ కుర్చీలోకి రప్పిస్తున్నాం అన్నదానితో సగం స్క్రిప్టు తేలిపోతుంది. ఆ రిపోర్టులో ఇంటర్వెల్ అన్న మాటే లేదు. ఆ అబ్బాయి కథలో తండ్రి చనిపోయాడని చెప్పే సీను విశ్రాంతికి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అన్నదే అసలు సమస్య. దాని గురించి ఒక్క ముక్క లేదు. చదివిన మనిషి పేరు కూడా రాయలేదు. ఎవరు చదివారో తెలియని చదువుకి విలువ ఎలా కట్టాలి?

డబ్బు తీసుకోవడమే పాపం అనడం లేదు. సినిమా స్కూల్లో చేరి ఫీజు కట్టి చదువుకుంటే గురువు ఎదురుగా ఉంటాడు, నిలదీసి అడగొచ్చు. నాలుగు సినిమాలు రాసిన మనిషి పక్కన కూర్చుని, మీ సీను విప్పి, మళ్ళీ కట్టి చూపిస్తే అది పని, దానికి కూలి ఇవ్వాల్సిందే. కాపీరైటు ఆఫీసులో సాహిత్య రచన నమోదుకు 500 రూపాయలు, అది పెట్టవలసిన ఖర్చే. కానీ ‘మీ ఐడియాకు రక్షణ కల్పిస్తాం’ అని వేలు గుంజేవాళ్ళను నమ్మొద్దు. ఐడియాకు కాపీరైటు లేదని, రాసిన రూపానికే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పింది. లేని రక్షణను అమ్మడం మోసం. ఇక నిర్మాతకు పరిచయం చేస్తామని ముందే డబ్బు అడిగేవాళ్ళకు దండం పెట్టి వచ్చేయాలి. మన పెళ్ళిళ్ళ పేరయ్య కూడా సంబంధం కుదిరాకే సంభావన అడుగుతాడు.

హాలీవుడ్డులో ఈ వ్యాపారం ముదిరి చాలాకాలమైంది. ఫ్రాంక్లిన్ లెనార్డ్ 2005లో స్టూడియోల వాళ్ళను అడిగి, తెరకెక్కని మంచి స్క్రిప్టుల పట్టిక ‘బ్లాక్ లిస్ట్’ తయారుచేశాడు. ఆ మొదటి పట్టికలో ఉన్న ‘జూనో’ 2007లో సినిమాగా వచ్చింది. అందులో పేరు రావడానికి రచయిత పైసా కట్టనక్కర్లేదు. 2012లో అదే పేరుతో డబ్బు కట్టి చదివించుకునే ఏర్పాటు మొదలైంది. రేటు బాహాటంగా పెట్టారు, సినిమా తీసేవాళ్ళూ అక్కడ స్క్రిప్టులు వెతుకుతారు, కాబట్టి దాన్ని మోసం అనను. అయినా డబ్బున్నవాడు పదిసార్లు చదివించుకోగలడు, లేనివాడు ఒక్కసారి. ఒక్క విషయంలో మాత్రం వాళ్ళను చూసి నేర్చుకోవాలి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఏజెంటు రచయిత దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోకూడదు. రచయితకు డబ్బు వచ్చాక అందులోంచి కమీషన్, మామూలుగా పది శాతం. మనకు అలాంటి కట్టుబాటు ఎందుకు ఉండకూడదు?

నేర్చుకోవడానికి దారులు లేక కాదు ఈ పిల్లలు డబ్బు కడుతున్నది. వందల సినిమాలు రాసిన పరుచూరి గోపాలకృష్ణ గారు యూట్యూబులో పాఠాలు చెబుతున్నారు, చూడ్డానికి రూపాయి కట్టక్కర్లేదు. వాళ్ళకు కావలసింది లోపలున్నవాడు ఒక్కడు తమ కథ వినడం. మద్రాసులో ఆఫీసు గుమ్మం ముందు నాలుగు రోజులు నిలబడితే మేనేజరైనా ‘ఏం కావాలయ్యా’ అనేవాడు. ఇప్పుడు గేటు దగ్గరే ఆపేస్తారు, మెయిలు పెడితే జవాబుండదు. ఆ మూసిన గేటు ముందే ఈ దుకాణాలు వెలిశాయి.

ఒక్కో సినిమాకు వంద కోట్లు, రెండొందల కోట్లు పెడుతున్న సంస్థలు ఇద్దరు మనుషులకు నెలజీతం ఇచ్చి, వచ్చిన స్క్రిప్టులు చదివించుకోలేవా? చదివి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో నాలుగు వాక్యాలు, కింద చదివినవాడి సంతకం. ఒక్క పెద్ద సంస్థ మొదలుపెడితే చాలు, మిగతావాళ్ళు పోటీ కోసమైనా చేస్తారు. రచయితల సంఘం ఈ మాట ఫిలిం ఛాంబర్‌లో గట్టిగా అడగాలి. అడిగే సభకు పిలిస్తే ఈ వయసులోనూ వచ్చి ముందు వరసలో కూర్చుంటాను.