మేక తోలుకు పాస్‌పోర్టు

డబ్లిన్‌లో చదువుకుంటున్న మన సిరికొండ తమ్ముళ్లకు ఒక శుభవార్త. మేక తోలుకున్న అంటు సముద్రం దాటితే పోతుందట.

అక్కడ ఆ తోలు వాద్యం పేరు బౌరాన్. గుండ్రటి కొయ్య చట్రం, ఒక పక్కన బిగించిన మేక తోలు, వాయించడానికి ఒక పొట్టి పుల్ల. మొదటిసారి కొనేవాళ్లు ఏమేం చూసుకోవాలో మీకు నోటికొచ్చు. మూడాకుల బొమ్మ అచ్చేసింది గోడకు తగిలించుకునే సరుకు, దాన్ని ముట్టొద్దు. వెడల్పు 14 నుంచి 16 అంగుళాలుంటే చెయ్యి తిరుగుతుంది. తోలు బిగించే మరలు తప్పక ఉండాలి, ఆ దేశపు ముసురుకు తోలు మెత్తబడి డొల్లగా మోగుతుంది కాబట్టి. వంద యూరోల పైన పెట్టనిదే పనికొచ్చేది దొరకదు. ఇంత ఆరా తీసి కొని, చంకన పెట్టుకొని ఫోటో దిగి పంపితే, సిరికొండలో నాయిన దాన్ని చాయ్ హోటల్ కాడ పదిమందికి చూపిస్తాడు: "మావోడు ఆడి సంగీతం నేర్సుకుంటుండు!"

అదే కొడుకు చిన్నప్పుడు పోచమ్మ బోనాల నాడు డప్పు పుల్ల చేతబడితే, "గది మన పనారా?" అని వీపు వాయించిన నాయిన ఈయనే. ఆ దరువు కొడుక్కి ఇంకా గుర్తుండే ఉంటుంది.

సరే, తెలిసిన విద్య గనుక, సిరికొండలో మొదటి డప్పు కొనేవాళ్లకూ నాలుగు ముక్కలు చెబుతాను. తోలును వెలుతురుకు ఎత్తి చూడాలి, మందం అంతటా ఒక్కతీరుగా ఉండాలి. ఎడమ భుజానికి తగిలించుకొని ఊరంతా తిరగాలి కాబట్టి బరువు చూసుకోవాలి. కుడిచేతికి చిర్ర, ఎడమచేతికి సన్నటి సిటికెన పుల్ల. చల్లటి డప్పు మీద కొట్టి ధర చెప్పొద్దు. ఇక్కడ మరలుండవు, గడ్డి మంటే మర. మంటకు కాచి, వేలితో మీటితే 'ఖణ్' మనాలి. ఎంత దగ్గరగా పట్టాలో, ఏ క్షణంలో వెనక్కి తీయాలో చెప్పే పుస్తకం నాకైతే కనబడలేదు. అది చెయ్యి చూసి చెయ్యి నేర్చుకునేది.

చిక్కంతా ఆ చెయ్యి దగ్గరే. ఆ చెయ్యి మాదిగ వాడలో ఉంటుంది. అందుకే మనవాళ్లు ఇనుప రింగుకు ప్లాస్టిక్ తోలు బిగించిన డప్పు తెప్పించుకుంటారు. వానకు తడవదు, కాచే పని లేదు, వాసన రాదు. అన్నిటికంటే పెద్ద సుఖం, ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. వారాంతపు డప్పు వర్క్‌షాపుకు ఫోన్‌లో ముందే పైసలు కట్టే ఈ కళాభిమానే, ఇంట్లో పెండ్లికి డప్పులోళ్లను పిలిస్తే నూరు రూపాయల కోసం అరగంట బేరమాడతాడు. బేరం కుదిరాక వాళ్లకు బువ్వ ఆఖరి బంతిలో, అదీ టెంటు వెనక.

ఐర్లాండ్‌లోనూ బౌరాన్ పుట్టుకతో దొరసాని కాదు. డిసెంబర్ 26న వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగే పల్లె కుర్రాళ్ల చేతిది. 1960ల్లో షాన్ ఓ రియాడా అనే సంగీతకారుడు దాన్ని తన బృందంలోకి తెచ్చి కచేరీ ఎక్కించాడు. వాద్యంతో పాటు వాయించేవాడికీ కుర్చీ వేశాడు.

మనమూ ఎక్కించాం. 2002లో తెలంగాణ ఉద్యమ ధూంధాం మొదలైంది కామారెడ్డిలో, అప్పటికి అది మన నిజామాబాద్ జిల్లాలోదే. డప్పు మోగనిదే ఉద్యమ సభ కదిలేది కాదు. 2014లో రాష్ట్రం వచ్చింది. డప్పు మెడలో వేసుకొని ఫోటో దిగని నాయకుడు కనబడితే చెప్పండి, సన్మానం చేద్దాం. ఆసరా పింఛన్లు పెట్టినప్పుడు మాత్రం బీడీ చుట్టే చేతులు గుర్తొచ్చాయి, మగ్గం నేసే చేతులు, కల్లు గీసే చేతులు గుర్తొచ్చాయి. చిర్ర పట్టిన చెయ్యి గుర్తు రాలేదు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛనుంది. ఇక్కడ తమ డప్పు తామే కొట్టుకునే మొనగాళ్లు ఇంతమంది ఉండగా, వేరే డప్పు కొట్టేవాడు బతికితే ఎంత, బతక్కపోతే ఎంత?

కాబట్టి తమ్మీ, దసరాకు వచ్చినప్పుడు డప్పు కొనాలనిపిస్తే మాదిగ వాడకే పో. అక్కడి ముసలాయన్ను మీ నాయిన "ఏరా" అంటాడు, నువ్వు "తాతా" అను. ధర చెప్పినంక డబ్లిన్ దుకాణంలో ఎంత తగ్గించమన్నావో యాది చేసుకొని, ఇక్కడా అంతే తగ్గించమను. కాచుడు నేర్పమని అడుగు, నేర్పినందుకు వేరే ఇవ్వు. ఇంటికి తెచ్చినంక మీ నాయిన దాన్ని గడప దాటనిస్తే మంచిదే. పశువుల కొట్టంలో పెట్టమంటే మాత్రం వాదన పెట్టుకోకు. సంచి మీద 'మేడిన్ ఐర్లాండ్' అని ఒక చీటీ అతికించు. షోకేసులో టీవీ పక్కన ఆయనే జాగా చేస్తాడు.