కంప్రెసర్ పోయిందట!

రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతాయంటారు. విజయవాడ ఆటోనగర్లో కంప్రెసర్లు పోతాయి. నిజంగా పోతాయో లేదో గానీ, పోయాయని చెప్పేవాళ్లు మాత్రం ప్రతి సందులోనూ ఉన్నారు. చల్లగాలి రావట్లేదని బండి తెస్తే చాలు, బానెట్ ఎత్తకముందే "కంప్రెసర్ పోయింది సార్" అనేస్తారు. గేజీలు గోడకి వేలాడుతూనే ఉంటాయి.

మా రోజుల్లో ఏసీ బండంటేనే వింత. అంబాసిడర్‌కి డ్యాష్‌బోర్డు కింద ఏసీ యూనిట్ వేలాడుతోందంటే ఆ బండి గుంటూరు పొగాకు వ్యాపారిదో, గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్‌దో అయ్యుండాలి. కంప్రెసర్ మొరాయిస్తే కొత్తది ఎక్కడ దొరుకుతుంది? విప్పేవాళ్లం. వాల్వ్ ప్లేటు తీసి రీడ్లు చూసేవాళ్లం, షాఫ్ట్ సీలు మార్చేవాళ్లం, గ్యాస్కెట్ చేత్తోనే కత్తిరించుకునేవాళ్లం. గ్యాస్ ఎక్కడ కారుతోందో హాలైడ్ టార్చ్ చెప్పేది. దాని గొట్టం కొసని ఒక్కో జాయింటు దగ్గరా పెట్టి మంట వంక చూస్తూ కూర్చోవాలి. గ్యాస్ తగిలిందంటే నీలం మంట పచ్చబడేది. ఆ పొగ విషమని ఎవరికి పట్టింది! డ్రయర్ నెత్తిన చిన్న గాజు కన్నుండేది, అందులో బుడగలు పరిగెడుతుంటే గ్యాస్ తగ్గినట్టు.

అదంతా ఆర్-12 గ్యాస్ కాలం. అందులో క్లోరిన్ ఉండబట్టే మంట పచ్చబడేది. ఆ క్లోరినే ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు, 2010కల్లా మన దేశంలోనూ దానికి మంగళం పాడారు. దాంతో నాకేం పేచీ లేదు. పైపు విప్పి బుస్సుమని గాలిలోకి వదిలేయడమే అప్పటి ఆచారం, అది ఘనకార్యమేం కాదు. ఆర్-134ఎ వచ్చింది, క్లోరిన్ లేదు కాబట్టి టార్చ్ అటకెక్కింది. సరే. దాంతోపాటు బుర్ర కూడా అటకెక్కాలా?

మొన్న వేసవిలో కైకలూరు నుంచి ఒక చేపల చెరువుల రైతు డబుల్ క్యాబిన్ పికప్ తెచ్చాడు. పొద్దున చెరువు మీదికి వెళ్లేటప్పుడు ఏసీ బ్రహ్మాండంగా ఉంటుందట, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు వేడిగాలే. ఎక్కడో చూపిస్తే కంప్రెసర్ మార్చాలని అంచనా రాసిచ్చారు. "పొద్దున పనిచేసిన కంప్రెసర్ మధ్యాహ్నం ఎందుకు చస్తుందిరా?" అని మా షెడ్డు కుర్రాణ్ని అడిగాను. ఫోన్లో చూసి చెప్తానన్నాడు.

గేజీలు తగిలించాం. ఇంజిన్ ఆపి ఉండగా రెండు వైపులా ముల్లు 135 పీఎస్ఐ దగ్గర నిలబడింది. ఆ ఎండకి అది సబబే, గ్యాస్ ఖాళీ కాలేదన్నమాట. ఇంజిన్ వేసి ఏసీ నొక్కితే పుల్లీ తిరుగుతోంది, దాని ముందున్న క్లచ్ ప్లేటు మాత్రం కదలడం లేదు. కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ వెలిగింది, అంటే ఫ్యూజు, రిలే, ప్రెజర్ స్విచ్ నిర్దోషులు. మీటరు పెడితే మాగ్నెట్ కాయిల్ కూడా తెగలేదు. అప్పుడొక కర్రముక్కతో ప్లేటుని కాస్త నెట్టాను (చదివి ఎవరూ ప్రయత్నించకండి, తిరిగే బెల్టు వేళ్లని వదలదు). టక్కున అతుక్కుంది! ఒక ముల్లు దిగి 40కి వచ్చింది, రెండోది 250కి ఎక్కింది. కంప్రెసర్ గుండ్రాయిలా ఉంది.

ఇంజిన్ ఆపి ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు మిల్లీమీటరు దాకా ఉంది. అందులో సగం ఉంటే ఎక్కువ. ఏళ్ల రాపిడికి అరిగి పెరిగింది. కాయిల్ చల్లగా ఉన్నంతసేపు ఎలాగో లాగుతుంది. వేడెక్కితే రాగితీగలో కరెంటు తగ్గుతుంది, అంత ఎడం నుంచి ప్లేటుని లాగే సత్తువ ఉండదు. మధ్య బోల్టు విప్పి, ప్లేటు తీసి, వెనకున్న పల్చటి షిమ్ వాషర్లలో ఒకటి తీసేసి బిగించాం. గ్యాస్ వదిలింది లేదు, బెల్టు విప్పింది లేదు.

నిజంగా పోయే కంప్రెసర్లూ ఉన్నాయి, కాదనను. క్లచ్ తిరుగుతున్నా రెండు ముళ్లూ ఒకేచోట నిలబడితే లోపల పని అయిపోయినట్టే. అప్పుడైనా తిన్నగా మారుస్తారా? అరిగిన లోహపు పొడి కండెన్సర్ దాకా వెళ్లి కూర్చుంటుంది. ఇప్పటి కండెన్సర్లలో గొట్టాలు మరీ సన్నం, కడిగినా రాదు, కండెన్సరే మార్చాలి. డ్రయర్ మార్చాలి, ఆయిల్ కొలిచి పోయాలి, వ్యాక్యూమ్ పెట్టి అది నిలుస్తుందో లేదో ఓపిగ్గా చూడాలి. వీళ్లు కొత్తది బిగించి, టీ తాగొచ్చేలోగా గ్యాస్ పట్టేస్తారు. లోపలి తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ఐసై అడ్డం పడుతుంది, పాత పొడి కొత్త కంప్రెసర్ని నమిలేస్తుంది. వచ్చే వేసవికి మళ్లీ అదే పాట.

క్లచ్ లేని కంప్రెసర్లూ వచ్చాయి. పుల్లీతోపాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, ఎంత పంపు చేయాలో కంప్యూటర్ ఆడించే వాల్వ్ తేలుస్తుంది. అక్కడ నా కర్రముక్క చెల్లదు, స్కానర్ కావాల్సిందే. తెచ్చుకున్నాం కూడా. మా కుర్రాడు దాన్ని గంటసేపు చూస్తాడు గానీ, లావు పైపు చల్లబడిందా, సన్నపైపు కాలుతోందా అని ఒక్కసారి చెయ్యి పెట్టి చూడడు. 2025 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు. ఆ బండ్లన్నీ రేపు వీళ్ల చేతికే వస్తాయి.

కుర్రాళ్లనే అని ఏం లాభం? ఆ కైకలూరు రైతుకి వెయ్యి రూపాయలు చెప్పాను. "కొత్త పార్టేం వెయ్యలేదు కదా బాబాయ్, పైగా ఉన్న వాషరు తీసేశావు" అన్నాడు. కంప్రెసర్ మార్చి బిల్లు చేతిలో పెట్టి ఉంటే మారుమాట్లాడకుండా కట్టి పోయేవాడే. చివరికి ఐదొందలిచ్చాడు. ఆ వాషరు కూడా అడిగి పట్టుకుపోయాడు.