గట్టు మీద వినిపించే తప్పుడు సలహాలు

కొత్త నాయకుడు గెలిచి గద్దె ఎక్కిన వారంలో మా కోనసీమలోని పి.గన్నవరం సెంటర్లో టీకొట్ల దగ్గర రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. "ఇక మనకి మంచి రోజులండి" అని ఒకరంటారు. "ఇక ఎవర్నీ నోరెత్తనివ్వడండి" అని ఇంకొకరంటారు. ఈ రెండో మాట అన్నవాడి చుట్టూ సలహాలు చెప్పేవాళ్ళు చేరతారు. అందరూ మన మేలు కోరేవాళ్ళే: బాబాయిలు, బావలు, రిటైరైన మాస్టార్లు. ఆ సలహాలు చాలా ఏళ్ళుగా వింటున్నాను. కొన్ని పాటించాను కూడా. ఇకమీద ఎవరూ పాటించకూడదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

"ఓ ఏడాది ఆగండి. మనిషికి అవకాశం ఇవ్వాలి కదండీ."

అన్నిటిలోకీ మర్యాదైన సలహా ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. రోడ్డు వెయ్యడానికి, కాలవలో పూడిక తియ్యడానికి ఏడాది ఇవ్వండి, రెండేళ్ళు ఇవ్వండి. తనని అడ్డుకోగలిగిన వాటి మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం వారం కూడా ఇవ్వకండి. అలాంటి పని చెయ్యాలనుకున్న ప్రభుత్వం, గెలుపు వేడి చల్లారకముందే చేస్తుంది.

2019 మే 30న జగన్‌మోహన్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. 175 సీట్లలో 151 ఆయనవే. అక్టోబరు 30న 2430 నంబరు జీవో వచ్చింది. ప్రభుత్వం మీద తప్పుడు వార్త రాశారనుకుంటే కేసు పెట్టించే అధికారం శాఖల కార్యదర్శుల చేతికి వెళ్ళింది. 2020 జనవరిలో శాసన మండలి మూడు రాజధానుల బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపమంది. అదే నెల 27న, ఆ మండలినే రద్దు చెయ్యమని శాసనసభ తీర్మానించింది. మార్చిలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా వల్ల స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ఒక ఆర్డినెన్సు ఆయన పదవీకాలాన్ని ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకు కుదించి ఇంటికి పంపింది. హైకోర్టు మే 29న ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. ప్రమాణ స్వీకారం చేసి ఏడాది నిండటానికి ఇంకా ఒక రోజు ఉంది. పత్రిక, మండలి, ఎన్నికల సంఘం. "ఏడాది ఆగుదాం" అనుకున్నవాడు కళ్ళు తెరిచేసరికి మూడింటి మీదా చెయ్యి పడిపోయింది.

2024 జూన్ 12న చంద్రబాబు నాయుడు వచ్చారు. ఈసారి కూటమికి 164, ఎదుటి పార్టీకి 11. ప్రతిపక్ష నాయకుడి హోదా కూడా ఎవరికీ దక్కలేదు. ఆ నవంబరులోనే సోషల్ మీడియా పోస్టుల మీద వరసగా కేసులు, అరెస్టులు. ఆ పోస్టుల్లో ఆడవాళ్ళ మీద రాయకూడని రాతలున్నాయి, వాటికి శిక్ష పడాల్సిందే. కానీ విమర్శకీ బూతుకీ మధ్య గీత ఎవరు గీస్తున్నారని అడిగినవాళ్ళకి మా సెంటర్లో మళ్ళీ అదే సమాధానం దొరికింది: ఏడాది ఆగండి. 2019లో ఆ మాట అన్నవాళ్ళు వేరు, ఇప్పుడంటున్నవాళ్ళు వేరు. నాకు బాధ కలిగించేది అదే. 2019లో భయపడి గుండెలు బాదుకున్నవాళ్ళే ఇవాళ భయపడేవాణ్ణి కసురుకుంటున్నారు.

"మనవాడేనండి, మనకేం భయం?"

మనవాడే అయితే ఇంకా దగ్గరగా చూడాలి. ఎన్.టి. రామారావుగారి మీద కోనసీమకున్న ప్రేమ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉండేది. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయితే మా వీధిలో పండగ చేసుకున్నారు. వచ్చిన కొద్ది రోజులకే ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి దిగిపోయింది. 1984 మొదట్లో కరణం, మునసబు పదవులు ఒక ఆర్డినెన్సుతో పోయాయి. 1985లో శాసన మండలి కూడా పోయింది. వీటిలో కొన్ని మంచివే. తరతరాల కరణీకం పోవడం పేదవాడికి ఊపిరి. కానీ నిర్ణయాలన్నీ ఒక్క మనిషి నోట్లోంచి వస్తున్నాయన్న మాట అప్పుడు అనాల్సింది. మనవాడు కాబట్టి అనలేకపోయాం.

అదే రామారావుగారిని 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ పదవి నుంచి తీసేశారు. నాదెండ్ల భాస్కరరావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. జనం వీధుల్లోకి వచ్చారు, శాసనసభ్యులు రామారావుగారి వెంట నిలబడ్డారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ప్రమాణం చేశారు. పైనుంచి వచ్చిన దౌర్జన్యాన్ని అంత బాగా గుర్తుపట్టిన మనం, ఇంట్లోంచి వచ్చే పెత్తనాన్ని గుర్తుపట్టడం నేర్చుకోలేదు.

"గట్టి మనిషి ఉంటేనేనండి పనులవుతాయి. ఎమర్జెన్సీలో రైళ్ళు టైముకి నడిచేవి."

ఈ మాట మా మాస్టారొకాయన తరచూ అనేవారు. చిన్నప్పుడు నేనూ తల ఊపేవాణ్ణి. పెద్దయ్యాక ఆలోచిస్తే, మా కోనసీమలో అప్పుడు రైలే లేదు. నేటికీ కోటిపల్లి-నరసాపురం లైను పూర్తి కాలేదు. ఎక్కని రైలు గురించి మేం మురిసిపోయాం. ముషీరాబాద్ జైల్లో 1975 డిసెంబరు 1న నక్సలైట్ ఉద్యమంలోని భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసిన సంగతి మా మాస్టారి నోటి వెంట ఎప్పుడూ రాలేదు. గౌతు లచ్చన్నగారి లాంటి స్వాతంత్ర్య సమరయోధుణ్ణి సొంత దేశంలో జైల్లో పెట్టిన సంగతీ రాలేదు. 1977 మార్చిలో ఉత్తర భారతం ఇందిరమ్మను ఇంటికి పంపితే, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే అవతలి వైపు నుంచి గెలిచారు. ఉత్తరాదిలో జరిగిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇక్కడి గడపల్ని అంతగా తాకలేదు. మన గడపని తాకనిది లేనట్టే అనుకోవడం అప్పుడు మనకి అలవాటైంది.

2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ రేగి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాక ఈ సలహాకి మళ్ళీ బలం వచ్చింది. ఇళ్ళు తగలబెట్టినవాణ్ణి పట్టుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ వంకన జిల్లా మొత్తానికి రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేస్తే, తగలబెట్టనివాడు ఎందుకు నష్టపోవాలని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"అన్నం పెట్టే చేతిని అడక్కూడదండి."

మా ఊరి పరిసరాల్లో ఈ సలహా వినడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి ఊరు. 1841 నుంచి 1909 దాకా బతికిన ఆ తల్లి, గోదావరి దాటి ఆకలితో వచ్చినవాళ్ళకి కులం, వేళ అడక్కుండా తన ఇంటి గింజలు వండి పెట్టింది. కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టుకున్నాం. 2024 నుంచి బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. అంతకుముందు ఆ భోజనం జగనన్న గోరుముద్ద. పేరు మారినా బియ్యం మనం కట్టిన పన్నుల్లోంచే వస్తున్నాయి. సీతమ్మగారు సొంత గింజలు పెట్టి ఏమీ అడగలేదు. ఖజానాలోంచి పెట్టేవాడు మన మౌనాన్ని ఎందుకు అడగాలి?

కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు మా లంక గ్రామాల్లో నియంతృత్వం అన్న మాట ఎవరూ వాడరు. "పింఛను తీసేస్తారేమోనండి" అంటారు. మా దగ్గర నియంతృత్వ భయం అంటే అదే. 2019 ఆగస్టు నుంచి యాభై ఇళ్ళకొక వలంటీరు ఉన్నప్పుడూ ఆ భయం విన్నాను. 2024 జులై నుంచి నాలుగు వేల పింఛను గ్రామ సచివాలయం ఉద్యోగి తెచ్చిస్తున్నప్పుడూ విన్నాను. మా వీధిలో ఒక పెద్దావిడ, కాలవ గట్టు మీద మట్టి తవ్వుకుపోతున్నారని గ్రామసభలో చెప్తానంటే కొడుకే ఆపాడు. "అమ్మా, నీ పేరు జాబితాలో ఉంది, మర్చిపోకు." ఆవిడని ఎవరూ బెదిరించలేదు. బెదిరించాల్సిన పని కూడా లేకపోయింది. నాయకుడు ఎలాంటివాడో తేల్చుకోవడానికి ఆయన ఉపన్యాసాల కంటే ఆ కొడుకు మాటే నాకు పెద్ద ఆధారం.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మంచి పని. అలాంటి సభకి వెళ్ళి, ఆ పెద్దావిడ పక్కన కూర్చుని, ఆవిడ మాట తీర్మానాల పుస్తకంలో ఎక్కిందాకా లేవకండి.

"ఆ పోస్టు తీసేయండి, మీకెందుకొచ్చిన గొడవ?"

అబద్ధమైతే తీసేయండి, క్షమాపణ చెప్పండి. నిజమైతే ఉంచండి. ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో మామూలుగా పోలీసులు ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, నేరుగా అరెస్టు చెయ్యకూడదు. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మాట ఇది. దీన్ని ప్రతి ఇంటి గోడ మీదా రాసుకోవాలి.

"ఏం చేసినా నియంత అనెయ్యండి, దెబ్బకి దిగొస్తాడు."

ఇది ప్రతిపక్షం వాళ్ళ సలహా, ఇదీ తప్పే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఎనిమిది అడుగులకే మూడో హెచ్చరిక ఇచ్చేవాణ్ణి లంకల్లో ఎవరూ నమ్మరు. ఎన్నికల ముందు మాట తప్పడం, సొంతవాళ్ళకి కాంట్రాక్టులివ్వడం చెడ్డ పాలన. వాటికి ఓటు చాలు. అడిగే గొంతు మీద కేసు పెడితే మొదటి హెచ్చరిక అంటాను. తీర్పు చెప్పేవాణ్ణీ, ఎన్నిక జరిపేవాణ్ణీ మార్చబోతే రెండోది. ఎన్నికే జరక్కపోతే, లేదా పోటీకి దిగేవాణ్ణి నామినేషన్ వెయ్యనివ్వకపోతే మూడోది. ఏకగ్రీవం చేసుకుంటే పంచాయతీకి డబ్బొస్తుందని మన ఊళ్ళలో ముచ్చటగా చెప్తారే, ఆ చోట నేను ముందు అడిగేది ఒకటే: ఎవరు వెనక్కి తగ్గారు, ఎందుకు తగ్గారు?

"భయపడ్డారు కదా, చివరికి ఏమైంది? ఏమీ కాలేదుగా."

ఏమీ కాకపోవడం దానంతటదే జరగదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది, జనవరి 1న గుంటూరులో ముగ్గురు చనిపోయారు. మర్నాడే 1వ నంబరు జీవో వచ్చింది. 1861 నాటి పోలీసు చట్టాన్ని చూపించి రోడ్ల మీద సభలు కట్టడి చేశారు. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. "చూశారా, ఏం కాలేదు" అని మా సెంటర్లో అన్నారు. ఎవరో పిటిషన్ వేశారు కాబట్టి ఏం కాలేదు. మండలి రద్దు తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు కాబట్టి దానికీ భయపడాల్సింది లేదని ఇంకొకాయన వాదించారు. ఆయనతో గంటసేపు పోట్లాడాను.

మా అమ్మమ్మది లంక ఊరు. రేడియోలో ధవళేశ్వరం మొదటి హెచ్చరిక అని వినబడగానే బియ్యం బస్తాలు అటకెక్కించేది. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఆ బస్తాలే నాలుగిళ్ళ వాళ్ళకి అన్నం పెట్టాయి. నీళ్ళు గుమ్మం దాకా రాని ఏళ్ళే ఎక్కువ. ఆ ఏళ్ళలో, పక్కింటి మామ్మ "ఒట్టినే మోశావే" అంటే, "ఊఁ" అనేది. బస్తాలు దింపి, ముక్కిపోకుండా బియ్యం ఎండలో పోసి, అటక తుడిచి పెట్టుకునేది.