ముప్పదడుగుల పద్యం: టీకా తాత్పర్య విశేషాంశ సహితం

అవతారిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే ఊళ్లో వెలువడింది. కర్తలు ఇద్దరు: గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వీరుడి వేషం కడతారు. ఒకరు మాత్రం కొండలు, కోటలు, రాక్షసులు, వానా వరదా అన్నీ తానై కథ నడుపుతారు. ఆయన్ని డంజన్ మాస్టర్ అనీ, ముద్దుగా డీఎం అనీ పిలుస్తారు.

ఈ ఆటకు పూర్వగ్రంథం చెయిన్‌మెయిల్ (1971). అది బొమ్మల సైన్యాలను బల్లమీద నడిపే యుద్ధక్రీడ. అందువల్ల తొలి గ్రంథాల్లో దూరాలన్నీ అంగుళాల్లోనే ఉండేవి. నేలమాళిగలో అంగుళమంటే పదడుగులు, ఆరుబయట అదే అంగుళం పది గజాలు. గుమ్మం దాటగానే కొలబద్ద మూడింతలయ్యే ఈ మహిమకు తరవాతి పరిష్కర్తలు స్వస్తి చెప్పారు. 2000లో వచ్చిన మూడవ కూర్పు ఐదడుగుల గడిని స్థిరపరిచింది. 2008 నాటి నాలుగవ కూర్పు అడుగుల మాటే ఎత్తకుండా గడులే లెక్కపెట్టింది. 2014లో ఐదవ కూర్పు మళ్లీ అడుగులకు దిగింది. ఈ వ్యాఖ్యకు 2014 పాఠమే ఆధారం. ఆ పాఠంలోని నడక నియమాలను కంఠస్థం చేసుకునేందుకు వ్యాఖ్యాతే ఒక ఆటవెలది కట్టుకున్నాడు. తన పద్యానికి తానే టీక రాసుకోవడం పండితులకు కొత్త కాదు.

మూలం

ముప్పదడుగులోన ముగియును దనవంతు
లేచి నిలువ సగము లెక్క దరుగు
కోణమైన నొకటె కొలతగఁ జనవచ్చు
వైరి పట్టు విడువ వచ్చు వేటు

ప్రతిపదార్థం

తనవంతు = ఇనిషియేటివ్ పాచిక వరసలో తనకు దక్కిన టర్ను (అంతవరకు ఫోన్ చూసుకుంటున్నవాడు "ఇప్పుడు నేనా?" అని తలెత్తే సమయమని భావం); ముప్పదడుగులోన = ఆరు గడుల దూరంలో; ముగియును = అయిపోతుంది; లేచి నిలువ = పడినవాడు లేచి నిలబడితే; లెక్క = ఆ వంతుకు దక్కిన నడక; సగము తరుగు = సగానికి సగం కోతపడుతుంది; కోణమైనన్ = గడినుంచి గడికి మూలగా వెళ్లినా; ఒకటె కొలతగన్ = తిన్నగా వెళ్లినట్టే ఐదడుగులుగా; చనవచ్చు = పోవచ్చు; వైరి పట్టు = శత్రువు చేతికీ కత్తికీ అందే మేర; విడువన్ = దాటిపోతే; వేటు వచ్చు = దెబ్బ పడుతుంది.

తాత్పర్యం

మామూలు మనిషి ఒక వంతులో ముప్పై అడుగులు నడుస్తాడు. పడి లేస్తే అందులో సగం పోతుంది. మూలగా నడిచినా అదనపు ఖర్చు లేదు. శత్రువు అందుబాటులోంచి తప్పుకుంటే మాత్రం దెబ్బ తిని తప్పుకోవాలి.

విశేషాంశాలు

మొదటి పాదం: ఒక రౌండు, అంటే అందరి వంతులూ ఒక చుట్టు తిరగడం, ఆరు సెకన్లు. ఆరు సెకన్లలో ముప్పై అడుగులంటే గంటకు ఐదున్నర కిలోమీటర్లు. డ్రాగన్ నోరు తెరిచి నిప్పులు కక్కుతుండగా మన వీరుడు పార్కులో పొద్దుటి నడకకు వెళ్లినవాడిలా కదులుతున్నాడేమిటని శంక. ఆ ఆరు సెకన్లలోనే అతడు కత్తి దూసి, కొట్టి, ఎదుటివాడి దెబ్బ కాచుకుంటున్నాడు కూడా అని సమాధానం. కత్తి పని మానుకుని డాష్ అనే పరుగు ఎంచుకుంటే ఇంకో ముప్పై అడుగులు దక్కుతాయి. దక్కిన నడకను ఒక్క విడతలోనే వాడెయ్యాలన్న నిర్బంధమూ లేదు. పదడుగులు వెళ్లి, ఒకణ్ణి కొట్టి, మిగిలిన ఇరవైతో స్తంభం చాటుకు చేరవచ్చు.

పాఠాంతరం: 2014 పాఠంలో డ్వార్ఫుకూ హాఫ్లింగుకూ ఇరవై ఐదడుగులే. 2024 పాఠం వాళ్లకూ ముప్పై ఇచ్చింది. పొట్టివాళ్ల పట్ల పది సంవత్సరాలు సాగిన వివక్ష దీనితో తొలగిందని కొందరు. ఆ ఐదడుగుల లోటులోనే వాళ్ల రుచి ఉండేదని ఇంకొందరు.

రెండవ పాదం: తనంతట తాను నేలమీద పడుకోవడానికి ఖర్చేమీ లేదు. లేవడానికి మాత్రం సగం. పతనం ఉచితం, ఉత్థానం ఖరీదు అని వేదాంతులు దీన్ని వ్యాఖ్యానిస్తారు. మనకు లెక్క కావాలి.

ఉదాహరణ: ఓగర్ గద దెబ్బకు యోధుడు వెల్లకిలా పడ్డాడు. పక్క గడి బురద, దాని అవతల పొడినేల. లేస్తే పదిహేను అడుగులు పోయి పదిహేను మిగులుతాయి. బురద గడిలో అడుగుకు రెండడుగుల ఖర్చు కాబట్టి పది పోతాయి. మిగిలిన ఐదుతో పొడిగడిలో నిలుస్తాడు. లేవకుండా పాకితే? పాకడంలో అడుగుకు రెండు, బురదలో పాకితే మూడు. బురద గడికి పదిహేను, పొడిగడికి పది, మొత్తం ఇరవై ఐదు. మిగిలిన ఐదుతో ఇంకో గడి పాకలేడు. అంటే లేచినా పాకినా చేరేది ఆ గడికే. అయితే నేలమీద ఉన్నవాణ్ణి ఐదడుగుల లోపలినుంచి కొట్టేవాడికి రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వెసులుబాటుంది. కనుక లేవడమే మేలు. ఎవరైనా ఒడిసి పట్టుకుంటే నడక సున్నా. సున్నాలో సగం సున్నాయే కదా, ఖర్చు లేకుండా లేస్తానని వాదించేవాడు ప్రతి బల్ల దగ్గరా ఒకడుంటాడు. నడక సున్నా అయినవాడు లేవలేడని మూలగ్రంథం ముందే అతడి నోరు కట్టేసింది.

మూడవ పాదం: దీనిమీదే ఘోరమైన వాదాలు. పూర్వపక్షి ఇలా అంటాడు: "చతురస్రపు కర్ణం భుజంకంటె పెద్దది. భుజానికి దాని మూడోవంతును, ఆ మూడోవంతులో నాలుగోవంతును కలిపి, ఆ చివరిదానిలో ముప్పై నాలుగోవంతు తీసేస్తే కర్ణం వస్తుందని బౌధాయన శుల్బసూత్రం ఏనాడో చెప్పింది. ఆ లెక్కన ఐదడుగుల గడికి కర్ణం ఏడడుగుల పైచిలుకు. ఆరు గడులు మూలగా పోయినవాడు నలభై రెండడుగులు నడిచి ముప్పైకే లెక్క చెబుతున్నాడు. ఇది దొంగలెక్క."

దీనికి మధ్యేమార్గం డీఎంల గ్రంథంలో ఐచ్ఛిక విధిగా ఉంది: మొదటి మూలకు ఐదు, రెండో మూలకు పది, మళ్లీ ఐదు, మళ్లీ పది. ఈ పద్ధతిలో ముప్పై అడుగులకు నాలుగు మూలలే వస్తాయి. నిజదూరం ఇరవై ఎనిమిది అడుగుల పైన కాబట్టి జ్యామితి చాలావరకు శాంతిస్తుంది. అయినా సిద్ధాంతం మూలపాఠం వైపే. ఎందుకంటే ఏ శాస్త్రంలోనైనా సూత్రానికి అర్థం చెప్పేముందు ప్రయోజనం అడగాలి. నడక నియమం నేలను కొలవడానికి పుట్టలేదు. తన వంతు కోసం కాచుకుని కూర్చున్న మిగతా నలుగురి ఓపికను కాపాడటానికి పుట్టింది. ఐదు, పది, ఐదు అని వేళ్లు ముడిచే ప్రతివాడూ వాళ్ల సాయంకాలంలోంచి కొంత తినేస్తాడు. ఒక్క నిషేధం మాత్రం ఉంది. గోడ మూలను గాని, గడి నిండిన పెద్ద చెట్టును గాని కోసుకుంటూ మూలగా పోకూడదు.

నాలుగవ పాదం: గడుసు ఆటగాడు దీన్ని "విడువవచ్చు" అని కలిపి చదివి, శత్రువు పట్టు వదిలిపోవడానికి అనుమతి దొరికిందని సంబరపడతాడు. అలా చదివితే చివరి "వేటు" క్రియ లేకుండా వేలాడుతుంది. ఆ వేలాడే వేటు ఎవరి మెడమీద పడుతుందో చెప్పనక్కర లేదు.

ఇదే ఆపర్చునిటీ అటాక్. మేర దాటితేనే ఇది వర్తిస్తుంది. మేర లోపలే శత్రువు చుట్టూ ప్రదక్షిణం చేసినా దోషం లేదు. తన నడకతో, తన పనితో కాక ఇతరులు తోస్తేనో, పేలుడు విసిరేస్తేనో, పైనుంచి కిందికి పడిపోతూ శత్రువును దాటితేనో దెబ్బ లేదు. మంత్రంతో మాయమై వేరేచోట తేలినా లేదు. కొట్టేవాడికి రౌండుకు ఒకే రియాక్షన్, అంటే ఒకే ఎదురుచర్య, ఉంటుంది. కాబట్టి ముందు కవచధారి దాటి దెబ్బ తింటే, వెనక మంత్రగాడు సుఖంగా దాటిపోతాడు. ఎవరు ముందు పోవాలన్న చర్చలో స్నేహాలు పరీక్షకు నిలుస్తాయి.

ఇక్కడ ఉత్సర్గాపవాద న్యాయం వర్తిస్తుంది. సామాన్య విధిని విశేష విధి బాధిస్తుందని మన మీమాంసకులూ వైయాకరణులూ చెప్పినదే ఐదవ కూర్పు కూడా తన పీఠికలో చెప్పుకుంది. దాటితే దెబ్బ అన్నది ఉత్సర్గం. డిసెంగేజ్, అంటే కొట్టడం మానుకుని జాగ్రత్తగా తప్పుకునే పని, ఎంచుకున్నవాడికి దెబ్బ లేదన్నది అపవాదం. ఎదుటివాడు సెంటినెల్ విద్య నేర్చినవాడైతే డిసెంగేజ్ చేసినా దెబ్బ తప్పదన్నది ప్రతిప్రసవం, అంటే అపవాదానికి అపవాదం. పైగా ఆ దెబ్బ తగిలితే మిగిలిన నడక కూడా సున్నా. ఈ వరస తెలిసినవాడికి సగం తగాదాలు తీరినట్టే.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివిన ఆటగాళ్లకు ఒక్కటే మనవి. శంక ఏదైనా ఉంటే బొమ్మను కదపకముందే అడగండి. ఆ గాబ్లిన్ చేతిలో ఉన్నది బాకా, బల్లెమా, దాని మేర ఐదడుగులా, పదా అని ముందే తేల్చుకోండి. బొమ్మ వదిలి, పాచిక పడ్డాక వెనక్కి తీసుకోవద్దు. డీఎం ఒక అర్థం చెబితే ఆ రాత్రికి అదే ప్రమాణం. అది తప్పని తోస్తే ఆట ముగిశాక పుస్తకం తీసి చూపించండి. వచ్చే వారానికి దిద్దుకుంటారు.